స్టింగర్ సంతర్పణ

హెలికాప్టర్ ఉంటే చాలు, గెరిల్లాల పని ఖాళీ! ఈ జ్ఞానం కలిగిన ప్రతిసారీ పెద్దలు బొక్కబోర్లా పడ్డారు.

1963 జనవరి 2. దక్షిణ వియత్నాంలో అప్‌బాక్. కందకాల్లో మూడున్నర వందల మంది వియత్‌కాంగ్ కమ్యూనిస్టు గెరిల్లాలు. చేతిలో రైఫిళ్లూ మెషీన్‌గన్లూ. శిక్షణంటారా? వెదురు గెడల మధ్య తాడు కట్టి, దాని మీద హెలికాప్టర్ బొమ్మను లాగుతూ గురి చూడటం. ఆ ఒక్కరోజే 5 అమెరికన్ హెలికాప్టర్లు పోయాయి. మరి అమెరికన్ జనరల్ హార్కిన్స్ ఏమన్నారు? గెలిచేశామన్నారు! రాత్రికి రాత్రి శత్రువు జారుకున్న ఊళ్లోకి తెల్లారాక అడుగుపెట్టడమూ గెలుపేనట. ఇలాంటి గెలుపులన్నీ కలిపి లెక్క తేల్చేసరికి, ఆ యుద్ధం మింగిన హెలికాప్టర్లు దాదాపు 5,000.

బుద్ధొచ్చిందా? వచ్చింది. ఎదుటివాడి హెలికాప్టర్లు కూల్పించే బుద్ధి!

1982లో అమెరికా అధ్యక్షుడు రీగన్ గారు కొలంబియా వ్యోమనౌక ప్రయాణాన్ని ఆఫ్ఘన్ ప్రజలకు అంకితమిచ్చారు. దేశాన్ని ఆక్రమించిన సోవియట్ సైన్యం ఎంఐ-24 హెలికాప్టర్లు నెత్తిమీద నిప్పులు కురిపిస్తుంటే రోదసి అంకితం దేనికి, నాలుక గీసుకోడానికా? అసలు కానుక 1986 సెప్టెంబరులో పేలింది. భుజాన పెట్టి వదిలితే ఇంజిన్ వేడిని వెతుక్కుంటూ పోయే స్టింగర్ క్షిపణి. జలాలాబాద్ దగ్గర తొలిరోజే మూడు హెలికాప్టర్లు కూలాయి. సీఐఏ మురిసిపోయింది. ఆ ఘట్టాన్ని చూపే బొమ్మను తర్వాత గోడకు తగిలించుకుంది. ఆఫ్ఘన్ గెరిల్లాలకు మొత్తం పంచినవి రెండు వేల పైమాటే. వడ్డన పాకిస్తాన్ ఐఎస్ఐది. ఎవరి విస్తట్లో ఎన్ని పడ్డాయి? అడిగిందెవరు!

1989లో సోవియట్ సైన్యం వెళ్లిపోయింది. స్టింగర్లు ఉండిపోయాయి. అప్పుడు అమెరికాకు వెలిగింది బల్బు: ఇది మన విమానాన్నీ కూలుస్తుంది కదా! నిన్నటి స్వేచ్ఛాయుధం రాత్రికి రాత్రి ఉగ్రవాద ముప్పయింది. ఊరికే ఇచ్చినదాన్ని ఒక్కోటి లక్ష డాలర్లకు అటూఇటుగా పోసి తిరిగి కొన్నారు. అయినా 1996లో తాలిబన్లు కాబూల్ పట్టేనాటికి 600 దాకా జాడలేవు. ఈ తిరుగు బేరం బొమ్మ తగిలించలేదేం? గోడ మీద చోటు లేదా?

తర్వాత ఆఫ్ఘనిస్తాన్‌లో అమెరికన్లే యుద్ధానికి దిగారు, వాళ్ల వంతే వచ్చింది. 2011 ఆగస్టు 6న వార్దక్‌లో ఒక రాకెట్ గ్రెనేడ్‌కు అమెరికన్ చినూక్ హెలికాప్టర్ కూలింది. 38 మంది పోయారు. యుద్ధం మాత్రం మరో పదేళ్లు నడిచింది, పురోగతి ప్రకటనలతో సహా.

2021లో కూల్చే శ్రమా తప్పింది. ఆఫ్ఘన్ సైన్యానికి అమెరికా కొనిచ్చిన బ్లాక్‌హాక్ హెలికాప్టర్లు తాలిబన్ల చేతికే చిక్కాయి. మా సామాను మాకిచ్చేయండని 2025లో ట్రంప్ అడిగారు. తాలిబన్లు కుదరదన్నారు. ఈసారి బేరానికీ రాలేదు.