సున్నపుగీత సమానత్వం

పాఠశాల క్రీడల నిర్వాహకులు ఏళ్ల తరబడి నమ్ముతూ వస్తున్న సిద్ధాంతం ఒకటుంది. అది ఏ గ్రంథంలోనూ రాసి లేకపోయినా ప్రతి బహుమతి ప్రదానోత్సవంలో ముఖ్య అతిథి నోట తప్పక వినిపిస్తుంది. దాని ప్రకారం, మైదానంలో సున్నంతో గీసిన గీత దగ్గర నిలబడిన క్షణం నుంచి పిల్లలందరూ సమానులే. ఎవరి బడిలో రుసుము లక్ష రూపాయలో, ఎవరి బడిలో పుస్తకాలూ బూట్లూ సర్కారే ఇస్తుందో ఆ గీతకు తెలియదు. ఈల ఊదాక గెలిపించవలసింది కాళ్లే. దీనిని సున్నపుగీత సమానత్వమని పిలవవచ్చు. ఈ సిద్ధాంతానికి ఉన్న గొప్ప సుగుణం ఖర్చు లేకపోవడం. ఒక బస్తా సున్నం, రెండు మేకులు, బారెడు పురికొస దొరికితే చాలు, రాజ్యాంగం ఏడు దశాబ్దాలు దాటినా సాధించలేకపోయిన దానిని డ్రిల్లు మాస్టారు అరగంటలో నేల మీద పరిచేస్తాడు.

ఈ గీతకు అధికారికమైన యజమాని 1954లో ఏర్పడిన స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియా. పద్నాలుగు, పదిహేడు, పంతొమ్మిదేళ్ల లోపు వారికి వేర్వేరుగా జరిగే ఈ పోటీలు మండలంలో మొదలై జిల్లా, రాష్ట్ర స్థాయిలు దాటి జాతీయ స్థాయికి చేరతాయి. ఈ మెట్ల మీద ఎంపిక పోటీ అనే ప్రక్రియ ఒకటి ఉంటుంది. అంటే వేర్వేరు బడుల పిల్లలను ఒక చోటికి పిలిచి, ఆడించి, అందులో మెరుగైన వారిని ఏరి పై స్థాయికి జట్టుగా కూర్చడం. జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల పిల్లవాడూ, ఏసీ బస్సు దిగిన పిల్లవాడూ ఇక్కడ ఒకే వరుసలో నిలబడతారన్న మాట నిజమే. ఆ వరుసలోకి రావడానికి ముందు ఎవరు ఎక్కడ నిలబడ్డారన్న ప్రశ్న వేయకూడదన్నదే సిద్ధాంతంలోని కీలకం.

అయినా ఆ ప్రశ్న వేయాలనుకునేవారికి గోస్తని ఒడ్డున, జాతీయ రహదారి పక్కన ఉన్న విశాఖ జిల్లా తగరపువలస అనువైన చోటు. పొరుగున చిట్టివలస జూట్ మిల్లు 2009లో మూతపడింది. ఉత్తరాన భోగాపురంలో విమానాశ్రయం వచ్చింది. ఈ రెండింటి మధ్య కాలంలో నేల ఎకరాల లెక్క నుంచి గజాల లెక్కలోకి మారిపోయింది. గజం ధర తెలిసినవాడెవడూ పిల్లలు గెంతడానికి నేలను ఖాళీగా వదలడు కాబట్టి, ఇలాంటి ఊళ్లలో ప్రైవేటు బడి పక్కకు కాక పైకి పెరుగుతుంది. సెల్లారులో ఉదయం ప్రార్థన, పగలు ద్విచక్ర వాహనాలు. డాబా మీద రేకుల కింద శనివారం యోగా, మిగిలిన రోజుల్లో ఐఐటీ ఫౌండేషన్ వారికి అదనపు తరగతులు. ఇక గేటు ముందు మిగిలిన జానెడు జాగాలో పసుపుపచ్చ బస్సులు ఒకదానినొకటి ఒరుసుకుంటూ నిలబడతాయి. టైంటేబుల్లో ‘గేమ్స్’ అని రాసి ఉన్న పీరియడ్‌ను లెక్కల మాస్టారు అడిగి తీసుకోవలసిన అవసరం కూడా లేదు, అది ఆయనదే. ఆటల పేరిట రుసుము మాత్రం ఏటా జూన్‌లోనే, ఏ ఆటగాడికీ అందనంత వేగంతో వసూలవుతుంది.

చట్టం ఈ విషయంలో నోరు మెదపలేదని అనడం అన్యాయం. 2009 నాటి విద్యాహక్కు చట్టం తన షెడ్యూలులో, అంటే బడికి గుర్తింపు కావాలంటే ఉండి తీరవలసిన వాటి పట్టికలో, తరగతి గదులు, మంచినీళ్లు, మరుగుదొడ్లు, ప్రహరీలతో పాటు ఆటస్థలాన్నీ చేర్చింది. ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు వందమందికి మించి పిల్లలుంటే వ్యాయామ విద్యకు పార్ట్‌టైం బోధకుడు ఉండాలని కూడా చెప్పింది. అయితే ఆ ఆటస్థలం ఎన్ని గజాలుండాలో మాత్రం చెప్పలేదు. ఈ మౌనం ఎంత సారవంతమైనదో గుర్తింపు దస్త్రాలు తిరగేసినవారికి తెలుస్తుంది. ఎక్కడో రెండు కిలోమీటర్ల దూరాన ఉన్న ఖాళీ స్థలానికి రాయించుకున్న అద్దె ఒప్పందం ఆటస్థలంగా చెలామణి అవుతుంది. ఆ కాగితం మీద పిల్లలు ఎంత ఆడుకున్నా మోకాళ్లు గీరుకుపోవు.

ఇలాంటి బడి ఏడాదికొకసారి క్రీడా దినోత్సవం జరుపుతుంది. అద్దె మైదానం, షామియానా, గాల్లోకి వదిలే బెలూన్లు, అట్టతో చేసిన కాగడా, నోట్లో చెంచా పెట్టుకుని నిమ్మకాయ జారకుండా నడిచే పందెం, తల్లులకు కుర్చీలాట, తండ్రులకు తాడు లాగుడు. క్రీడాచరిత్రలో నిమ్మకాయకు ఇంత గౌరవం మరే దేశంలోనూ దక్కి ఉండదు.

మరి గజం నేల లేని బడికి పతకం ఎలా వస్తుంది? ఇక్కడే సున్నపుగీత సిద్ధాంతపు అసలు సౌందర్యం బయటపడుతుంది. ఈత, స్కేటింగ్, టెన్నిస్, షూటింగ్ వంటి ఆటల్లో శిక్షణ బడిలో జరగదు; తండ్రి జీతం నుంచి కట్టే నెలవారీ రుసుముతో, తెల్లవారుజామున ఐదు గంటలకు తల్లి స్కూటరు మీద దింపే అకాడమీలో జరుగుతుంది. బడి చేయవలసిందల్లా పిల్లవాడు తమ విద్యార్థేనని ధ్రువీకరించే బోనఫైడ్ పత్రం మీద ముద్ర వేయడం, అతడు గెలిచి వచ్చాక అతని ఫొటోకు మూడింతలున్న కరస్పాండెంటు ఫొటోతో కూడలిలో ఫ్లెక్సీ కట్టడం. పతకాల అంకగణితం కూడా ఈ ఏర్పాటుకు బాగా అనుకూలిస్తుంది. కబడ్డీలో పన్నెండుమంది జట్టు జిల్లా అంతటినీ మట్టి కరిపించినా పట్టికలో చేరేది ఒక్క స్వర్ణమే; ఈతకొలనులో ఒక్క కుర్రవాడు ఫ్రీస్టైల్, బ్యాక్‌స్ట్రోక్, బటర్‌ఫ్లై అంటూ ఒకే మధ్యాహ్నం నాలుగైదు తెచ్చుకోవచ్చు. నేల మీద చెమటోడ్చే ఆటలన్నీ జిల్లా పరిషత్ బడికీ, నీళ్ల మీదా చక్రాల మీదా జారిపోయే ఆటలన్నీ ప్రైవేటు బడికీ పంచిన తరువాత, ఇరువురి పతకాలను ఒకే పట్టికలో కూడి ‘ఈ ఏడాది కూడా ప్రైవేటు విద్యాసంస్థలదే పైచేయి’ అని ప్రకటించడానికి గణితం తెలియనక్కర్లేదు, మైకు ఉంటే చాలు.

కబడ్డీలో కూడా పతకం కావాలనిపించిన యాజమాన్యానికి మరో దారి ఉంది. అప్పటిదాకా జిల్లా పరిషత్ బడి మట్టిలో దొర్లి, అక్కడి వ్యాయామ ఉపాధ్యాయుడి చేతి దెబ్బలు తిని రాటుదేలిన తొమ్మిదో తరగతి కుర్రవాడికి ‘ఉచిత సీటు’ ఇవ్వడమే ఆ దారి. దీని పేరు ప్రతిభకు ప్రోత్సాహం. ఆ కుర్రవాడిని నాలుగేళ్లు తయారుచేసిన బడికి మిగిలేది అతని బదిలీ పత్రం కార్బన్ కాపీ. తల్లిదండ్రులను తప్పుపట్టడానికి ఇందులో ఏమీ లేదు. క్రీడాకోటా, అంటే క్రీడాకారులకు కేటాయించే ఉద్యోగాల వాటా, ఆంధ్రప్రదేశ్‌లో రెండు నుంచి మూడు శాతానికి పెరిగాక, 2025 మెగా డీఎస్సీలో 421 ఉపాధ్యాయ పోస్టులు ఆ వాటా కింద వచ్చాక, ఆటల ధ్రువపత్రం ఏ ఇంటికైనా గోడకు తగిలించే బొమ్మగా మిగలలేదు.

ఇంతవరకు చదివి సర్కారీ బడిని అమాయక బాధితుడిగా ఊహించుకుంటే సర్కారుకు రావలసిన వాటా రాకుండా పోతుంది. సర్కారీ బడికి ప్రైవేటు బడి దగ్గర లేనిది ఒకటి తరచుగా ఉంటుంది: నేల. ఆ నేలను ఏం చేయాలో సర్కారుకు తెలియదు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నవంబరు 14న మొదలైన ‘మన బడి నాడు–నేడు’ పథకం తొలి విడతలో 15,715 బడులను ఎంచుకుని మరుగుదొడ్లు, ఫ్యాన్లు, మంచినీళ్లు, బల్లలు, రంగులు, ఆకుపచ్చ పలకలు, ప్రహరీలు వంటివన్నీ ఏర్పాటు చేశారు. అవన్నీ కావలసినవే, కాని ఆ అంశాల పట్టికలో ఆటస్థలం లేదు. చుట్టూ గోడ కట్టి, లోపల ఉన్న దానిని పల్లేరుకాయలకు వదిలేశారు. ఇక వ్యాయామ ఉపాధ్యాయుడు. ఆయన ఉన్న చోట, ఈల మెడలో ఉంటుంది, చేతిలో ఫోన్ ఉంటుంది. మధ్యాహ్న భోజనం ఫొటో, హాజరు ఫొటో, కొన్నేళ్లపాటు మరుగుదొడ్ల ఫొటో కూడా ఎక్కించాక పొద్దు మిగిలితే ఆట. పిల్లవాడి ఆహార శాస్త్రం మంగళ, గురు, శనివారాల రాగిజావ దగ్గర మొదలై, మిగతా రోజుల పల్లీచిక్కీ దగ్గర ముగుస్తుంది. రాగిజావ మంచిదే. అకాడమీ పిల్లవాడి సంచిలో ఉన్న ప్రోటీన్ పొడి డబ్బా పక్కన నిలబడి పోటీ పడవలసి రావడమే దానికి పట్టిన గ్రహచారం.

పైగా ప్రైవేటు యాజమాన్యాల ఏరివేత కళను సర్కారు వారి కంటే శాస్త్రీయంగా సాధన చేసింది. హకీంపేటలోనూ కడపలోనూ ఉన్న క్రీడా పాఠశాలలకు నాలుగో తరగతిలోనే పిల్లలను ఎంపిక చేస్తారు. ఎత్తు, బరువు, ముప్పై మీటర్ల పరుగు, నిలుచున్న చోటు నుంచి దూకుడు, మెడిసిన్ బాల్ విసురుడు, ఆరుసార్లు పది మీటర్ల షటిల్ పరుగు, ఎనిమిది వందల మీటర్ల పరుగు, ఇలా ఒక్కో పిల్లవాడిని తూచి, కొలిచి తీసుకుంటారు. ఇది చెడ్డ పని కాదు, అవసరమైన పనే. అయితే వసతి, కోచ్, బూట్లు, గుడ్లు అన్నీ ఉన్న ఆ ఏరిన పిల్లవాడూ, ఏరగా మిగిలిన పిల్లవాడూ మళ్లీ పాఠశాల క్రీడల్లో అదే సున్నపుగీత మీద కలుసుకుంటారు. ఇద్దరూ ‘ప్రభుత్వ పాఠశాల విద్యార్థులు’ అన్న ఒకే గడిలో పడతారు.

ఇక్కడికి వచ్చేసరికి సిద్ధాంతకర్తలు తమ బ్రహ్మాస్త్రం తీస్తారు: ప్రతిభ ఉంటే పేదరికం అడ్డమా, విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజీని చూడండి అంటారు. చూడవలసిందే. ప్రైవేటు సెక్యూరిటీ గార్డు తండ్రి, ఇళ్లలోనూ ఆసుపత్రిలోనూ పనిచేసిన తల్లి. అలాంటి ఇంటి నుంచి వచ్చి వంద మీటర్ల హర్డిల్స్‌లో ఆసియా విజేత అయిన అమ్మాయి ఆమె. అయితే ఆమె చదివినది విశాఖలోని పోర్ట్ హైస్కూల్లో. ఆమె పొడవును, అడుగును గమనించినది అక్కడి వ్యాయామ ఉపాధ్యాయుడు. అంటే ఆమె కథలో పేదరికం ఎంత ఉందో, ఓడరేవు సంస్థ ఒకప్పుడు తన ఉద్యోగుల పిల్లల కోసమూ ఊరి పిల్లల కోసమూ పెట్టిన ఖర్చు కూడా అంతే ఉంది. పక్క విజయనగరం జిల్లా కొండవెలగాడ నుంచి వచ్చిన మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో వెయిట్‌లిఫ్టింగ్ రజతం అందుకోవడం వెనుక కూడా బరువులెత్తడం ఊరి అలవాటుగా మార్చిన ఒక పల్లె ఉంది. వీరి విజయాలను ఉపన్యాసంలో వాడుకునేవారు ఆ మైదానాన్నీ మాస్టారినీ పల్లెనూ కత్తిరించి ప్రతిభను మాత్రమే ఉంచుకుంటారు.

జ్యోతి పరుగుల్లోనే ఇంకో పాఠం ఉంది, దానిని ముఖ్య అతిథులు వాడుకోరు. 2023 అక్టోబరు 1న హాంగ్జౌ ఆసియా క్రీడల ఫైనల్లో, తుపాకీ మోతకు ముందే కదిలిన చైనా క్రీడాకారిణితో పాటు జ్యోతిని కూడా మొదట పక్కన పెట్టబోయారు. ఆమె ఊరుకోలేదు, వాదించింది, ఇద్దరినీ పరుగెత్తనిచ్చారు. తరువాత చైనా క్రీడాకారిణిని అనర్హురాలిగా ప్రకటించడంతో 12.91 సెకన్లలో వచ్చిన జ్యోతి కాంస్యం రజతమైంది. ఇక్కడ వర్తించిన నియమం పేరు ముందస్తు ఆరంభం. మోత విన్నాక మనిషి శరీరం స్పందించడానికి సెకనులో కనీసం పదో వంతు పడుతుందని, అంతకన్నా ముందు కదిలితే మోసమేనని అథ్లెటిక్స్ ప్రపంచం తీర్మానించుకుంది. పదో వంతు సెకనును పట్టుకోవడానికి అడుగు పలకలో యంత్రాలు బిగించే ఈ నాగరికత, ఒకరు ఆరేళ్ల వయసులో కోచ్ చేతుల్లోనూ మరొకరు పదమూడేళ్ల వయసులో అరువు బూట్లలోనూ బయలుదేరినప్పుడు మాత్రం ఇద్దరూ ఒకేసారి బయలుదేరారని చేవ్రాలు చేస్తుంది.

అమెరికాలో ఈ తగువు పాతది, పరిష్కారాలు కూడా అమెరికన్ పద్ధతిలోనే ఉన్నాయి. అక్కడ ప్రభుత్వ బడి తన సరిహద్దుల్లోని పిల్లలనే చేర్చుకోవాలి, ప్రైవేటు బడి ఎక్కడివారినైనా తెచ్చుకోవచ్చు కాబట్టి, ఇల్లినాయ్ రాష్ట్రంలో 2005 నుంచి సరిహద్దులు లేని బడుల విద్యార్థుల సంఖ్యను 1.65తో హెచ్చించి, ఆ పెరిగిన లెక్క ప్రకారం పెద్ద బడుల తరగతిలో ఆడిస్తూ వచ్చారు. టెక్సాస్‌లో చాలావరకు ప్రైవేటు బడులకు వేరే సంఘమే ఉంది. మన దేశం ఇంతకన్నా ఉదారమైన మార్గం కనిపెట్టింది. జాతీయ పాఠశాల క్రీడల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, ఒడిశాలతో పాటు సీబీఎస్ఈ, సీఐఎస్‌సీఈ, విద్యాభారతి, నవోదయ, కేంద్రీయ విద్యాలయాలు కూడా రాష్ట్రాలతో సమానమైన యూనిట్లుగా సొంత జట్లను దింపుతాయి. ఆటస్థలం చూపించలేని బడి కూడా తన బోర్డు పుణ్యమా అని ఏకంగా ఒక రాష్ట్రానికి వారసురాలవుతుంది.

ఇల్లినాయ్ హెచ్చవేతను తగరపువలసకు అన్వయించుకోవడంలో చిక్కేమీ లేదు. ప్రతి బడి సాధించిన పతకాలను ఆ బడి ప్రాంగణంలో ఒక్కో విద్యార్థికి లభించే ఆటస్థలపు గజాలతో హెచ్చించి, ఆ లబ్ధాన్నే ఫ్లెక్సీ మీద అచ్చువేయాలని నియమం పెడితే సరిపోతుంది. సెల్లారు బడి తెచ్చిన పన్నెండు స్వర్ణాలు సున్నాతో హెచ్చించాక ఎంతవుతాయో ఐఐటీ ఫౌండేషన్ తరగతి పిల్లలు నోటితోనే చెప్పగలరు. పల్లేరుకాయల మధ్య పెరిగిన కబడ్డీ జట్టు ఒక్క కాంస్యంతో మండలంలో మొదటి స్థానానికి ఎగబాకుతుంది. దానితో సర్కారుకు ఆ పల్లేరుకాయలు పీకించే అవసరం కూడా తప్పుతుంది కనుక ఆర్థిక శాఖ అభ్యంతరం చెప్పదు. అభ్యంతరం యాజమాన్యాల సంఘాల నుంచే వస్తుంది: అద్దె ఒప్పందంలో చూపిన నేలను కూడా లెక్కలోకి తీసుకోవాలని వారు పట్టుపడతారు. అది న్యాయమైన కోరికే కాబట్టి, ఒకే సర్వే నంబరును ఎన్ని బడులు తమ ఆటస్థలంగా చూపించాయో తేల్చడానికి ఒక కమిటీ వేయవలసి ఉంటుంది. ఆ కమిటీ టేపు పట్టుకుని వెళ్లేలోగా అక్కడ అపార్టుమెంటు పునాదులు లేవకుండా చూసుకోవడం రెవెన్యూ శాఖ పని.