పైన పటారం, లోన చెమ్మ

పాత కట్టడాలకు పట్టిన చెమ్మను వదిలించే దివ్యౌషధం ఒకటి మన దగ్గరుంది: గోడ కనబడకుండా చేయడం. నీళ్లు ఎక్కణ్నుంచి వస్తున్నాయని ఎవరూ ఆరా తీయకూడదు. అంగుళం మందాన సిమెంటు మెత్తి, వాటర్‌ప్రూఫ్ రంగు కొట్టి, మంత్రిగారి చేత రిబ్బను కత్తిరింపజేయాలి. వానాకాలం ఎలాగూ ప్రారంభోత్సవం తర్వాతే కదా!

1591లో చార్మినార్ కట్టినవాళ్లకు ఇంత తెలివి లేదు. రాయినీ డంగు సున్నాన్నీ నమ్ముకున్నారు. గోడ తాగిన నీటిని ఆ సున్నం మెల్లగా ఆవిరిగా వదిలేస్తుంది. పోర్ట్‌లాండ్ సిమెంటుకు పేటెంటు వచ్చిందే 1824లో. అప్పటిదాకా అన్ని గోడలు ఎవరి అనుమతితో నిలబడ్డాయో, పాపం!

సిమెంటు పూత నీటిని ఆపుతుంది, నిజమే. బయటికి పోకుండా ఆపుతుంది. నేలలోంచి ఎక్కిన చెమ్మకు దారి మూసుకుపోతే ఇంకా పైకి పాకుతుంది. నీటిలోని లవణాలు పూత వెనకే గడ్డకట్టి పెళ్లల్ని నెట్టేస్తాయి. ఊడిన పెళ్ల పాత సున్నాన్ని కూడా ఒలుచుకుపోతుంది. వెంటనే కొత్త టెండరు. ఇంత నిరంతర ఉపాధిని ఏ పథకం కల్పించగలదు?

ఇప్పుడు ఈ సిమెంటు పూతకో తమ్ముడొచ్చాడు: వేడినీ చెమ్మనీ ఒక్క దెబ్బతో తీసేస్తానని చెప్పుకునే ఇన్సులేషన్ ప్లాస్టర్. పెర్లైటు వేసినా, థర్మోకోల్ గుళికలు వేసినా అందులో వేడిని ఆపేది చిక్కుకున్న గాలే. తడి గోడకు పూస్తే ఆ సందుల్లోకి నీరు చేరుతుంది. కదలని గాలికంటే నీరు 20 రెట్లకు పైగా వేడిని మోస్తుంది. తడి కంబళి కప్పుకుని చలి కాచుకున్నట్టే. ఆరిన గోడకు, సున్నంతో కలిపి పూస్తే దాని పనితనం దానికుంది. గోడ ఆరబెట్టడమే ఎవరి ఎస్టిమేట్‌లోనూ ఉండదు.

గోల్కొండ పక్కన కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర ఆగాఖాన్ ట్రస్టు 2013 నుంచి చేపట్టిన పనుల్లో ఒకటి, మరమ్మతుకు మరమ్మతు. 20వ శతాబ్దంలో మెత్తిన సిమెంటును చెక్కి తీసి, మళ్లీ సున్నం పూయించారు. అంటే ఒకసారి మెత్తడానికి ఖర్చు, ఇంకోసారి గీకడానికి ఖర్చు.

చెమ్మ నిజంగా పోవాలంటే కారే కప్పు బాగుచేయాలి, వాన గొట్టాల్లో చెత్త తీయాలి, పునాది చుట్టూ నీరు నిలవనీయకూడదు, గోడ ఆరాకే సున్నం ఎక్కించాలి. ఇందులో ఫొటోకు పనికొచ్చేది ఒక్కటీ లేదని తెలుసు. అందుకే టెండరులో ఒక్క షరతు చేర్చండి చాలు: చివరి బిల్లు మూడు వానాకాలాలు గడిచాకే. ఆ మర్నాడే కాంట్రాక్టరు నిచ్చెనేసుకుని ఎక్కి, నీరు ఎక్కడ కారుతోందో తనే వెతుక్కుంటాడు.