వస్తే ఇస్తాం, వచ్చి ఉంటే ఇచ్చేవాళ్లం

హైదరాబాద్ అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల గోడలు కనిపించవు, బోర్డులే కనిపిస్తాయి. ఒకే గదిలో పొద్దున ఏడింటికి జావా, సాయంత్రం ఏడింటికి స్పోకెన్ ఇంగ్లిష్ చెప్పేయడం అక్కడ మామూలే. రెండు క్లాసుల్లోనూ ‘ఇఫ్’ ఉంటుంది. పొద్దుటి ‘ఇఫ్’ ఉత్తమురాలు. షరతు నిజమైతే ఈ పని, కాకపోతే ఆ పని. నసుగుడు ఉండదు. సాయంత్రపు ‘ఇఫ్’ లోకం చూసినది. జరిగే మాటేనా, ఉత్త కబురా, అయిపోయిన పెళ్లికి మేళమా అని ముందు ఆరా తీసి, ఆ తర్వాతే క్రియను కదలనిస్తుంది. జావాలో వందకు తొంభై తెచ్చుకున్న కుర్రాడు కూడా ఇక్కడికొచ్చేసరికి నీళ్లు నములుతాడు.

బోర్డు మీద నాలుగు గళ్లు. జీరో, ఫస్ట్, సెకండ్, థర్డ్. రైలు బోగీల్లాగే వీటికీ తరగతులున్నాయి, కాకపోతే కింది నుంచి పైకి వెళ్లేకొద్దీ గమ్యం దూరమవుతుంది. మంచుగడ్డను వేడి చేస్తే కరుగుతుంది: జీరో, ఎప్పుడైనా అంతే. వాన పడితే ఇంట్లోనే ఉంటాను: ఫస్ట్, జరగొచ్చు. నేను పక్షినైతే ఎగిరేవాణ్ని: సెకండ్, జరగదు. డాక్టరు టైముకి వచ్చి ఉంటే రోగి బతికేవాడు: థర్డ్, అయిపోయింది. మన గ్రామర్ గైడ్లలో ఆ డాక్టరు తాతల కాలం నుంచీ ఆలస్యంగానే వస్తున్నాడు. రోగి తాలూకు వాళ్లు మాత్రం డాక్టర్ని మార్చరు.

“ఇఫ్ పక్కన వీ2 ఉంటే కామా అవతల వుడ్ ప్లస్ వీ1. ఇఫ్ పక్కన హ్యాడ్ ప్లస్ వీ3 ఉంటే అవతల వుడ్ హ్యావ్ ప్లస్ వీ3. రాసుకోండి” అంటారు సారు. ఫార్ములా అనగానే ఎంపీసీ చదివిన ప్రాణాలు లేచొస్తాయి. అర్థం కాకపోయినా బట్టీ పట్టొచ్చు, ఇన్నాళ్లూ చేసిందదే.

చిక్కంతా పక్షి దగ్గర మొదలవుతుంది. “సార్, ఐ పక్కన వజ్ కదా రావాలి, వర్ ఏంటి సార్?” అని వెనక బెంచీ అడుగుతుంది. న్యాయమైన ప్రశ్న. ఐదో తరగతిలో ‘ఐ వర్’ అన్నందుకు తొడపాశం తిన్నవాడికి, ఇరవై రెండేళ్లొచ్చాక డబ్బు కట్టించుకుని మరీ ‘ఐ వర్’ అనమంటున్నారు. అది ఇంగ్లిష్‌లో ఎప్పటిదో పాత ఊహార్థక రూపం. ఇల్లు కూలినా నిలబడిపోయిన ద్వారబంధం లాంటిది. ఇంకా తమాషా ఏమిటంటే, రేపటి కలకు నిన్నటి క్రియను తొడగడం. ‘ఇఫ్ ఐ హ్యాడ్ మనీ’ అన్నవాడు నిన్నటి జేబు గురించి చెప్పడం లేదు, ఇప్పటి జేబు గురించే ఏడుస్తున్నాడు.

తెల్లవాళ్ల వింత అని దీన్ని తీసిపారేయడానికీ లేదు. “చిన్నప్పుడు రోజూ చెరువులో ఈదేవాణ్ని” అంటాం. “నీళ్లుంటే ఇప్పుడూ ఈదేవాణ్ని” అనీ అంటాం. మొదటిది పాత అలవాటు, రెండోది జరగని ముచ్చట. క్రియ మాత్రం ఒక్కటే. ఇంగ్లిష్ ‘వుడ్’ చేసే రెండు ఉద్యోగాలూ సరిగ్గా ఇవే. ఈ ఒక్క ముక్క చెబితే సెకండ్ కండిషనల్ పది నిమిషాల్లో అయిపోతుంది. నలభై అయిదు రోజుల కోర్సులో పది నిమిషాలకు అయిపోయే పాఠం ఎవరికి కావాలి!

నిజానికి ఆ కుర్రాడు ఈ పాఠం ఇంతకుముందే చదివాడు, పేరే వేరు. పదో తరగతి తెలుగు పరీక్షలో క్త్వార్థకం, శత్రర్థకం పక్కన చేదర్థకం అని ఒకటుంటుంది. వానలు కురిస్తే పంటలు పండుతాయి. సంస్కృతంలో ‘చేత్’ అంటే ‘అయితే’ అని. పేరు చూసి నోరు చేదవుతుంది గాని, సరుకు బహు తేలిక. నేను వస్తే, ఆవిడ వస్తే, వాళ్లు వస్తే. నిన్న వస్తే, రేపు వస్తే. ‘వస్తే’కి కాలం లేదు, లింగం లేదు, వచనం లేదు. ఒక్క ‘తే’తో ఊరంతా తిరిగి రావచ్చు.

అంత సుఖానికి అలవాటుపడిన నోరు ఇంగ్లిష్‌లో ఊరుకోదు. ‘రేపు వస్తే’లో రేపు ఉంది కాబట్టి ‘ఇఫ్ యూ విల్ కమ్’ అంటుంది. ‘ఒకవేళ వస్తే’ అనడం మనకు ముద్దు కాబట్టి ‘ఇఫ్ సపోజ్’ అని రెండు గొడుగులు పట్టుకెళుతుంది. ‘రాకపోతే’లో కాదనడం క్రియ కడుపులోనే ఉంది కాబట్టి, కాదనడం తనలోనే ఉన్న ‘అన్‌లెస్’కు ఇంకో ‘డోంట్’ తగిలిస్తుంది. రెండు కాదులు కలిసి ఔనవుతాయి. రావొద్దన్నవాణ్ని పిలిచినట్టవుతుంది.

తప్పులు దిద్దుకోవచ్చు. అసలు ఇబ్బంది వేరే ఉంది. “ప్రమోషన్ వస్తే పార్టీ ఇస్తా” అన్నవాడు తెలుగులో క్షేమంగా ఉన్నాడు. వస్తుందని నమ్ముతున్నాడో, రాదులే అన్న ధీమాతో అంటున్నాడో ఎవరికీ తెలియదు. ఇంగ్లిష్ ఆ ముసుగు ఉంచదు. ‘ఇఫ్ ఐ గెట్, ఐ విల్’ అంటే నమ్మకం ఉన్నట్టు. ‘ఇఫ్ ఐ గాట్, ఐ వుడ్’ అంటే తనకే నమ్మకం లేనట్టు. వుడ్ విన్న స్నేహితులు ఆ రాత్రికి ఇంట్లో వంట మానుకోరు. మాట ఇచ్చేటప్పుడే దాని గట్టిదనమెంతో రసీదు రాసిమ్మంటే తెలుగువాడికి చెమట పట్టదా మరి!

అలాగని మనకు థర్డ్ కండిషనల్ రాదనుకుంటే పొరపాటు. అందులో మనం పీహెచ్‌డీలం. 2019 జులై 10న మాంచెస్టర్‌లో వరల్డ్ కప్ సెమీఫైనల్. గప్టిల్ విసిరిన బంతి నేరుగా వికెట్లకు తగిలి ధోనీ రనౌట్ అయ్యాడు. 18 పరుగుల తేడాతో మ్యాచ్ పోయింది. ఆ రాత్రి నుంచి ఈనాటి వరకు ఏ టీ బండి దగ్గర నిలబడినా ‘డైవ్ కొట్టి ఉంటే’ వినపడుతూనే ఉంది. డైవ్ ఎందుకు కొట్టలేదా అని తనకూ అనిపిస్తుంటుందని ధోనీయే ఆ తర్వాత చెప్పుకున్నాడు. హ్యాడ్ ప్లస్ వీ3 తెలియని టీ మాస్టర్ ఆ వాక్యాన్ని రోజుకు ఇరవైసార్లు తప్పు లేకుండా వాడతాడు.

సెకండ్ కండిషనల్‌లోనూ మన చరిత్ర చిన్నదేమీ కాదు. ప్రిన్స్‌టన్‌లో పాఠాలు చెప్పిన తత్వవేత్త డేవిడ్ లూయిస్ 1973లో ‘కౌంటర్‌ఫ్యాక్చువల్స్’ అని ఒక పుస్తకం వేశాడు. తోకలే లేకపోతే కంగారూలు బోర్లా పడతాయన్న వాక్యం నిజమవడమంటే ఏమిటన్న దగ్గరే అది మొదలవుతుంది. మన సామెతల్లో అత్తగారికి మీసాలు మొలిపించి మామగారిని చేసిన పెద్దమ్మలు ఈ సంగతి ఎప్పుడో తేల్చేశారు. పుస్తకం వేసుకోలేదంతే.

అయితే ఈ వ్యాకరణంలో అసలు పండితులు అమీర్‌పేటలో దొరకరు. వాళ్లు అయిదేళ్లకోసారి ఊళ్లోకి వస్తారు. ఎన్నికల ముందు అంతా ఫస్ట్ కండిషనల్: మేం అధికారంలోకి వస్తే ఇస్తాం. గెలిచిన ఆరు నెలలకు థర్డ్: పాత ప్రభుత్వం ఖజానా ఖాళీ చేయకుండా ఉంటే ఈపాటికి ఇచ్చేవాళ్లం. ఏ జెండా పట్టినా ఈ రెండు వాక్యాలూ మారవు, చెప్పే నోళ్లు మారతాయి. నిన్న ‘వస్తే’ అన్నవారు నేడు ‘ఉంటే’ అంటారు, నిన్న ‘ఉంటే’ అన్నవారు ‘వస్తే’కి వెళతారు. మధ్యలో సెకండ్ అనే మెట్టు ఒకటుంది, నిజాయితీ అంతా అక్కడే ఉంది: డబ్బుంటే ఇచ్చేవాళ్లం. ఆ మెట్టు మీద కాలు పెట్టిన నాయకుణ్ని ఇంతవరకు ఎవరూ చూడలేదు.

చట్టానికి ఈ తేడా తెలియక కాదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 31వ సెక్షన్లో ‘అయితే’ ఒప్పందాలకు చోటిచ్చింది. ఇల్లు కాలితే పదివేలిస్తానన్న ఒప్పందం చెల్లుతుంది. 36వ సెక్షన్లో మాత్రం అసాధ్యమైన ‘అయితే’లను కొట్టేసింది. రెండు సరళరేఖలు కలిసి ఒక చోటును చుట్టుముడితే వెయ్యి రూపాయలిస్తానన్న మాట చెల్లదని ఉదాహరణ కూడా రాసిపెట్టింది. జామెట్రీ బాక్సుతో వచ్చి వెయ్యి అడిగేవాడు ఒకడుంటాడని ఆ రోజుల్లోనే ఊహించారు కాబోలు.

మేనిఫెస్టో కాంట్రాక్టు కాదు. అందులోని హామీలు ప్రజాప్రాతినిధ్య చట్టం 123వ సెక్షన్ కింద అవినీతి చర్య కావని 2013లో సుప్రీంకోర్టు చెప్పింది. మార్గదర్శకాలు పెట్టమని ఎన్నికల సంఘానికి సూచించింది కూడా. ఆ తర్వాత ప్రవర్తనా నియమావళిలో మేనిఫెస్టోల గురించి ఒక భాగం చేరింది. హామీకి హేతువేమిటో చెప్పాలి, డబ్బు ఎక్కణ్నుంచి తెస్తారో స్థూలంగానైనా చెప్పాలి. అంటే ఎన్నికల సంఘం కూడా మెల్లగా అమీర్‌పేట సారు అడిగే ప్రశ్నే అడుగుతోంది: బాబూ, నీది విల్లా, వుడ్డా? తెలుగులో అడిగారు కాబట్టి తెలుగులోనే జవాబొస్తోంది. వస్తే చూద్దాం.

ఇంతకీ సాయంత్రం బ్యాచ్‌లో ‘ఇఫ్ యూ విల్’ అని రోజూ చీవాట్లు తిన్న కుర్రాడి కథ మిగిలింది. ఇన్‌స్టిట్యూట్ మెట్ల దగ్గర ఫ్లెక్సీ: ఉద్యోగం రాకపోతే ఫీజు వాపస్. పక్కన చీమంత చుక్క గుర్తు. నలభై అయిదు రోజులైంది, మూడు ఇంటర్వ్యూలైనాయి, ఉద్యోగం రాలేదు. కుర్రాడు రసీదు పట్టుకుని కౌంటర్ దగ్గరికి వెళ్లాడు. ఆ ఆవరణలో తెలుగు నిషేధం కాబట్టి డైరెక్టరు గారు ఇంగ్లిష్‌లోనే సెలవిచ్చారు: “ఇఫ్ యూ హ్యాడ్ అటెండెడ్ ఆల్ ద క్లాసెస్, యూ వుడ్ హ్యావ్ గాటన్ ద జాబ్.”

కుర్రాడు వేళ్లు మడిచి లెక్కపెట్టుకున్నాడు. హ్యాడ్, వీ3, కామా, వుడ్ హ్యావ్, వీ3. ఎక్కడా తప్పు లేదు. మొదటిసారి ఒక థర్డ్ కండిషనల్ ఆసాంతం అర్థమైంది. గొంతు సవరించుకుని, ఒక్క ‘విల్’ కూడా ఎక్కువ పడకుండా తన వాక్యం తను చెప్పాడు: “ఇఫ్ యూ డోంట్ గివ్ మై మనీ, ఐ విల్ సిట్ హియర్.”

చెప్పి, గోడ వారనున్న ప్లాస్టిక్ కుర్చీ కౌంటర్‌కు అడ్డంగా లాక్కుని కూర్చున్నాడు.