గౌరవ కార్యదర్శి గారి గ్యాలరీ

కృష్ణా డెల్టాలో ఏ ఊరి స్టేడియం కథ తీసుకున్నా అందులో ఒక మనిషి ఖాయంగా ఉంటాడు. ప్రభుత్వం ఏదైనా, పార్టీ ఏదైనా, ఆట ఏదైనా సరే, ఆయన ఏదో ఒక క్రీడా సంఘానికి గౌరవ కార్యదర్శి. ‘గౌరవ’ అంటే జీతం లేదని అర్థం. ఆ లోటును ఆయన శాలువాలతో, మెమెంటోలతో, వేదిక మీద రెండో వరస కుర్చీతో పూడ్చుకుంటాడు. పొద్దున్నే తెల్లబూట్లు వేస్తాడు. పైన సంఘం పేరు కుట్టించిన ట్రాక్‌సూట్ కోటు, కింద ఇస్త్రీ మడత చెదరని ప్యాంటు. పై సగం క్రీడాకారుల కోసం, కింది సగం కలెక్టరేటు కోసం. మెడలో ఉన్న విజిల్ మోగగా విన్నవాళ్లు లేరు. చంకలో మాత్రం ఒక ప్లాస్టిక్ ఫోల్డరు ఉంటుంది. అందులో వినతిపత్రం నకళ్లు. తేదీ దగ్గర ఖాళీ, ‘గౌరవనీయులైన’ అన్న మాట తర్వాత పేరు దగ్గర ఖాళీ. మంత్రులు మారుతుంటారు కనుక ఆ రెండు ఖాళీలూ పెన్నుతో పూరిస్తే సరిపోతుంది. మిగతా పత్రం మారాల్సిన అవసరం ఇప్పటిదాకా రాలేదు, ఎందుకంటే అందులో అడిగింది ఇంకా రాలేదు.

ఆయన అడిగేది స్టేడియం. మైదానం అడగడు. ఈ తేడాలోనే ఆయన స్వభావమంతా ఉంది. ఆడేవాడికి చోటు మంచిదో కాదో కాలు జారి పడ్డప్పుడు తెలుస్తుంది. కార్యదర్శి గారికి అది ఎంతమంది కూర్చోగలరన్న లెక్కతో తెలుస్తుంది. అందుకని ఆయన ఊహలో స్టేడియం గ్యాలరీతో మొదలై, వీఐపీ గది మీదుగా వేదిక దాకా వచ్చి ఆగుతుంది. నడుమ మిగిలిన ఖాళీని గ్రౌండ్ అంటారు. కట్టకముందే దానికి పేరు సిద్ధం. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నది ఆయనకు సామెతగా కాదు, పని జరిపే పద్ధతిగా తెలుసు. పేరు ముందే పెడితే ఆ పేరుగల వారి వర్గమంతా నిధుల కోసం కదులుతుందని ఆయన అనుభవం. అది తెలివితక్కువ లెక్క అని తీసిపారేయలేం. ఇక శిలాఫలకం మీద ఆయన పట్టు చూడాలి. ఎవరి పేరు ఏ వరసలో, ఎంత అక్షరంలో, ‘ముఖ్య అతిథి’ పైనా ‘అధ్యక్షత’ పైనా అన్న ప్రోటోకాల్ మీమాంసలో ఆయన ముందు రెవెన్యూ వాళ్లు కూడా విద్యార్థులే. నల్లరాతి మీద బంగారు రంగు అక్షరాల్లో ఇరవై పేర్లు చెక్కించి, ఇరవై ఒకటో పేరుగా, అడుగున, ‘ఏర్పాట్లు’ అన్న మాట పక్కన తన పేరు ఒదిగించగలడు. ప్రభుత్వం మారితే ఆ రాతి పక్కనే ఇంకో రాయి లేస్తుంది. రెండింటి అడుగునా ఉండే ఉమ్మడి పేరు ఆయనదొక్కటే.

ఇలాంటి మనిషిని చూసి నవ్వడం తేలిక. ఆయన దొంగ అని తేల్చేయడం ఇంకా తేలిక. రెండోది తప్పు. చాలామంది గౌరవ కార్యదర్శులు సొంత పెట్రోలు పోసుకుని తిరుగుతారు. ఆయన్ని అలా తయారుచేసింది డబ్బు వచ్చే దారి. ఆ దారి ఎలాంటిదో చూడండి. క్రీడలు రాజ్యాంగం ప్రకారం రాష్ట్రాల పని. ఏడో షెడ్యూలు రాష్ట్ర జాబితాలో 33వ అంశం కింద నాటకాలు, సినిమాలు, క్రీడలు, వినోదాలు అన్నీ ఒకే గాటన కట్టేసి ఉన్నాయి. (వేదిక మీద మనవాళ్లకున్న మక్కువ రాజ్యాంగకర్తలు ముందే పసిగట్టారేమో.) రాష్ట్రంలో 1988 చట్టంతో ఏర్పడ్డ క్రీడాప్రాధికార సంస్థ ఉంది. దాన్ని అందరూ ‘శాప్’ అంటారు, ఆ పొడి అక్షరాలు తెలుగు చెవికి ఎలా వినిపిస్తాయో పెట్టినవాళ్లు ఆలోచించి ఉండరు. మున్సిపల్ కార్పొరేషన్ ఉంది. ఢిల్లీ నుంచి ఖేలో ఇండియా ఉంది. 1993లో మొదలైన ఎంపీ నిధుల పథకం ఉంది, ఇప్పుడు ఒక్కో సభ్యుడికి ఏడాదికి 5 కోట్లు. ఈ తలుపుల్లో ఎక్కువ వాటికి ఒకే తాళంచెవి: కొత్త కట్టడం. ఎంపీ నిధులైతే శాశ్వత ఆస్తులు సృష్టించడానికే పుట్టాయి, జీతాలూ రోజువారీ ఖర్చూ దాని పరిధిలోకి రావు. గ్యాలరీ శాశ్వత ఆస్తి. గడ్డికి పట్టే నీళ్లు కావు. కాబట్టి కోటి రూపాయలకు జీవో వస్తుంది, రెండు బస్తాల సున్నానికి రాదు. హైస్కూలు పీఈటీ మాస్టారు వాలీబాల్ నెట్టు కోసం తిరిగి తిరిగి చివరికి సొంత జేబులోంచి కొనేది అందుకే. ‘‘సార్, నెట్టు చినిగిపోయిందండి’’ అని కుర్రాడు చెబితే కార్యదర్శి గారు ఆప్యాయంగా భుజం తడతారు: ‘‘నెట్టేంట్రా అబ్బాయ్, స్టేడియమే వస్తోంది కదా!’’ ఆ మాటలో మోసం లేదు. ఆయనకు నిజంగానే స్టేడియం తేవడం వచ్చు, నెట్టు తేవడం రాదు.

దీనికి సాక్ష్యం కావాలంటే దూరం పోనక్కర్లేదు. విజయవాడలో బందరు రోడ్డు మీదున్న ఇందిరాగాంధీ మున్సిపల్ స్టేడియం చాలు. అక్కడ పురుషుల అంతర్జాతీయ వన్డే జరిగింది ఒకే ఒక్కసారి, 2002 నవంబరు 24న. ఏడు మ్యాచ్‌ల సిరీస్‌లో చివరిది. మార్లన్ శామ్యూల్స్ సెంచరీ కొట్టాడు, వెస్టిండీస్ 135 పరుగుల తేడాతో గెలిచి సిరీస్ 4-3గా పట్టుకుపోయింది. తర్వాత అంతర్జాతీయ క్రికెట్ విశాఖకు వెళ్లి అక్కడే స్థిరపడింది. మరి బెజవాడ స్టేడియం ఖాళీగా ఉందా? ఎప్పుడూ లేదు. రాష్ట్రం విడిపోయాక గణతంత్ర దినోత్సవాలు అక్కడ జరిగాయి. 2019 మే 30న జగన్‌మోహన్ రెడ్డి ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసింది అక్కడే. 2025 జనవరిలో 35వ పుస్తక మహోత్సవం నడిచింది అక్కడే. విద్యాధరపురం స్టేడియం స్థలం పేరు రాష్ట్రమంతా వినిపించింది 2023లో ఆటో డ్రైవర్ల వాహనమిత్ర సభ వల్ల. అంటే కార్యదర్శి గారి జోస్యం ఫలించినట్టే. కూర్చునే వాళ్ల కోసం కట్టమన్నారు, కూర్చునే వాళ్లు వచ్చారు.

ఇక్కడ ఒక న్యాయమైన అభ్యంతరం ఉంది. నగరమన్నాక సభలకూ, పుస్తకాలకూ చోటు ఉండొద్దా? ఉండాలి. ఆ చోటు ఒకప్పుడు ఉండేది కూడా, దాని పేరు స్వరాజ్య మైదానం. ఏళ్ల తరబడి పుస్తక ప్రదర్శనకు అదే ఇల్లు. ఇప్పుడక్కడ అంబేడ్కర్ స్మృతివనం వెలసింది, 125 అడుగుల విగ్రహం 2024 జనవరిలో ఆవిష్కృతమైంది. విగ్రహం ఆ మహనీయుడికి తగినదే, పేచీ లేదు. కానీ పోయిన ఖాళీ నేలకు బదులు ఇంకో ఖాళీ నేల ఎక్కడా రాలేదు కాబట్టి సభల బరువంతా ఆటస్థలం మీద పడింది. అలాంటప్పుడు కనీసం ఆ బరువుకు లెక్కైనా ఉండాలి. సభ అయిపోయిన మర్నాడు మైదానం చూస్తే తెలుస్తుంది. షామియానా గుంజలు పీకిన గుంటలు వరసగా బెత్తెడు లోతున. వాహనాల కోసం పోసిన కంకర గడ్డిలో కూరుకుపోయి. తివాచీలు బిగించిన మేకులు అక్కడక్కడా తల పైకెత్తి. ఫీల్డింగ్‌కు డైవ్ చేయబోయే కుర్రాడికి ఆ మేకు కూడా శాశ్వత ఆస్తే. వేదిక కట్టిన కాంట్రాక్టరు బిల్లులో పూలదండల పద్దు ఉంటుంది. గుంటలు పూడ్చే పద్దు కార్యదర్శి గారి వినతిపత్రంలోనే లేనప్పుడు ఇంకెక్కడ ఉంటుంది?

రెండో అభ్యంతరం ఆయన స్వయంగా చెబుతాడు, గొంతు సవరించుకుని: ‘‘పెద్ద స్టేడియం వస్తే హోటళ్లు నిండుతాయండీ, ఆటోలు తిరుగుతాయి, ఊరు ఎక్కడికో వెళ్లిపోతుంది.’’ ఊరు ఎక్కడికి వెళ్తుందో చూసినవాళ్లు ఉన్నారు. అమెరికాలో రోజర్ నాల్, ఆండ్రూ జింబాలిస్ట్ అనే ఆర్థికవేత్తలు 1997లో స్టేడియాల లెక్కలు తవ్వి తేల్చిందేమిటంటే, ప్రజల సొమ్ము పోసి కట్టినవి ఆ ఊరి ఆదాయాన్ని చెప్పుకోదగ్గంతగా పెంచిన దాఖలా లేదని. సినిమాకో బిర్యానీకో పెట్టే డబ్బే మ్యాచ్ టికెట్టుకు పోతుంది, అంతే. మాంట్రియల్ నగరంలో 1976 ఒలింపిక్స్ కోసం కట్టిన స్టేడియం అప్పు తీరేసరికి 2006 వచ్చింది. ఆ ఏడాది పుట్టిన పిల్లలు పెళ్లిళ్లు చేసుకుని, ఆ అప్పు కోసం సిగరెట్ల మీద వేసిన పన్ను కడుతూ, తాము చూడని ఆటల బాకీ చెల్లించారు. మన దగ్గరే మంగళగిరి పక్కన నవులూరులో ఆంధ్రా క్రికెట్ సంఘం స్టేడియం ఏళ్ల తరబడి అసంపూర్తిగా నిలబడి ఈ మధ్యే మళ్లీ మెరుగులు దిద్దుకోవడం మొదలుపెట్టింది. అది పూర్తి కాకముందే లక్ష మందికి పైగా పట్టే స్టేడియం అమరావతిలో రావాలన్న మాట 2025లో వినిపించింది. రాజధాని ప్రణాళికలోని తొమ్మిది నగరాల్లో క్రీడా నగరం ఒకటి కాబట్టి ఆ మాటకు స్థలం ఉంది. జనం సంగతి చూద్దాం. 2011 లెక్కల్లో విజయవాడ జనాభా పది లక్షలు దాటింది. లక్ష కుర్చీలు నిండాలంటే పసిపిల్లలూ ముసలివాళ్లూ కలిపి ప్రతి పదిమందిలో ఒకరు ఆ రోజు పని మానుకుని ఏరు దాటి రావాలి. ఏడాదికి ఒకసారి వస్తారు. మిగతా మూడు వందల అరవై నాలుగు రోజులు కుర్చీలు తుడిచేది ఎవరు? ఏనుగును కొని అంకుశానికి వెనకాడినట్టు అంటాం. ఏనుగు కొనడానికి శంకుస్థాపన ఉంటుంది, అంకుశానికి ఉండదు.

‘‘మరి ఛాంపియన్లు ఎలా వస్తారండీ?’’ అన్నది ఆయన ఆఖరి అస్త్రం. మంచి అస్త్రమే, కానీ తిరిగి ఆయనకే తగులుతుంది. మున్సిపల్ స్టేడియం పక్కనున్న ఇండోర్ స్టేడియానికి దండమూడి రాజగోపాలరావు పేరు పెట్టారు. 1951లో ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడల్లో వెయిట్‌లిఫ్టింగ్ కంచు పతకం ఆయనది, ‘నర్తనశాల’లో భీముడూ ఆయనే. ఆయన పేరుతో స్టేడియం వచ్చింది, స్టేడియం వల్ల ఆయన రాలేదు. మన ఊరు ఒక్క వన్డే కోసం గ్యాలరీలు సర్దుకున్న ఆ 2002లోనే కోనేరు హంపి పదిహేనేళ్ల వయసులో గ్రాండ్‌మాస్టర్ అయింది. ఆమెకు కావలసిన మైదానం అరవై నాలుగు గళ్లు. 2019లోనూ 2024లోనూ ప్రపంచ ర్యాపిడ్ కిరీటం తెచ్చింది. చదరంగానికి గ్యాలరీ అక్కర్లేదు కాబట్టే కార్యదర్శి గారి ఫోల్డరులో ఆ ఆటకు కాగితం పలచన. విలుకత్తె వెన్నం జ్యోతి సురేఖ హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు గెలిచింది. ఆమెకు కావలసింది గాలి అడ్డుపడని యాభై మీటర్ల నేల, ఒక గురి, రోజూ వచ్చే కోచ్. ఇదంతా చూపించి స్టేడియాలే వద్దంటే అది కూడా దబాయింపే అవుతుంది. హంపికి తండ్రే గురువు. సురేఖ వెనక కుటుంబం ఉంది. అంత ఓపిక గల తల్లిదండ్రులు లేని పిల్లవాడికి సర్కారు మైదానమే తండ్రి. పరుగుపందెం ఇంట్లో నేర్పలేరు, హాకీ డాబా మీద ఆడలేరు. అందుకే ఆ మైదానం నేల ఎలా ఉందన్నది కుర్చీల సంఖ్య కంటే పెద్ద ప్రశ్న. మనది నల్లరేగడి. మే నెలలో వేలు దూరేంత బీటలిస్తుంది, జూలైలో బూటు లాగేసుకుంటుంది. కింద ఇసుక పరిచి, నీరు పోయే గొట్టాలు వేసి, ఏడాది పొడుగునా ఒక మనిషిని పెట్టకపోతే ఆ నేల మళ్లీ వరిపొలం కావాలనే చూస్తుంది. కబడ్డీ కోర్టుకు పదమూడు మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు చాలు. అంతమాత్రం చోటును మెత్తగా ఉంచడానికి లక్షల కుర్చీలు కాదు, రోజూ ఓ పూట చాకిరీ కావాలి.

కార్యదర్శి గారికి ఇది తెలియదా? తెలుసు. తెలిసీ ఎందుకు అడగడంటే, అడిగితే ఇచ్చేవాడికి దక్కేదేమీ లేదు. గడ్డికి నీళ్లు పట్టిస్తే రిబ్బన్ ఎక్కడ కట్టాలి? కొబ్బరికాయ ఎక్కడ కొట్టాలి? 2022 ఏప్రిల్‌లో జిల్లాలు 13 నుంచి 26 అయి కృష్ణా కాస్తా కృష్ణా, ఎన్టీఆర్ జిల్లాలుగా విడిపోయినప్పుడు ఆయన మొదట చేసిన లెక్క కూడా అదే: ఇప్పుడు రెండు జిల్లా స్టేడియాలు, రెండు శంకుస్థాపనలు. ఆయన లేకపోతే ఉన్న స్టేడియాలు కూడా ఈపాటికి షాపింగ్ కాంప్లెక్సులు అయ్యేవని ఆయన అభిమానులు అంటారు, అందులో నిజం చాలానే ఉంది. బందరు రోడ్డు మీద గజం ధర చూస్తే, ఆ స్థలం ఇంకా ఆటస్థలం అనే పేరుతో మిగలడానికి ఇలాంటి పట్టువదలని మనుషుల చలవ కొంత ఉంది. కాబట్టి ఆయన్ని తీసేయడం కాదు, ఆయన పత్రాన్ని దిద్దడమే చేయగలిగిన పని.

ఆ ఫోల్డరు ఈ నెలో వచ్చే నెలో మీ ముందుకూ వస్తుంది, ‘వాకర్స్ అసోసియేషన్ సభ్యులుగా మీరూ ఒక సంతకం పెట్టండి సార్’ అంటూ. కాదనకండి, నొచ్చుకుంటారు. కాకపోతే పెన్ను అందుకునే ముందు కింద ఒక వరస చేర్పించండి: పై మొత్తంలో ఏటా నీళ్లకు ఇంత, నేల చదునుకు ఇంత, సున్నం గీతలు గీసే మనిషి జీతానికి ఇంత అని. ఆ అంకెల చోట ఆయన మళ్లీ ఖాళీ వదిలితే, పెన్ను తిరిగి ఇచ్చేసి మీ నడక మీరు సాగించండి.