వేలి మీది బండి: టీకా తాత్పర్యం

ఆ.వె.
బొగ్గు లేదు నీటి బొక్కెన లేదయా
పొగయు లేదు కూత పుట్టలేదు
వేలి మీది బండి వేల రూకల ధర
దొరకదాయె దొరికి దొర్లదాయె

అవతారిక: బల్ల మీద బుల్లి రైలు నడుపుకొనే రసికుడొకడు, ఎన్ స్కేలులో ఆవిరి ఇంజను కోసం వెతికి వేసారి, తోటివాడితో మొరపెట్టుకొంటున్నాడు.

ప్రతిపదార్థం: అయా = ఓ మిత్రుడా; బొగ్గు లేదు, నీటి బొక్కెన లేదు = లోపలున్నది విద్యుత్ మోటారు గనుక వాటితో పనిలేదు; పొగయు లేదు = పొగగొట్టమే కందిగింజంత గనుక; వేలి మీది బండి = అసలు కొలతను 160తో భాగించగా మిగిలిన ఇంజను; దొరకదాయె = కోరిన తరగతి కానరాదు; దొరికి దొర్లదాయె = కనబడినది కొని పట్టాలెక్కిస్తే ఆగి ఆగి పోతుంది.

పాఠాంతరం: ‘వేల రూకల’కు బదులు ‘నూరు డాలర్ల’ అని ప్రవాసాంధ్రుల పాఠం. అర్థం కుదిరినా యతి చెడుతుంది గనుక గ్రాహ్యం కాదు.

శంక: డీజిలు ఇంజను బుద్ధిగా నడుస్తుంది కదా, ఆవిరిదానికేం రోగం?

సమాధానం: డీజిలుది పెట్టె ఆకారం. మోటారు నడుమ దాక్కుంటుంది, చక్రాలన్నీ కరెంటు అందుకుంటాయి. ఆవిరి ఇంజనుకు బాయిలరు సన్నం; రాడ్లు బయటికి కనబడుతూ ఆడాలి. ముందున్న చిన్న చక్రాల మీద బరువు పడదు. నడిపే చక్రాలు జారకుండా కొన్నిటికి రబ్బరు పట్టీ తొడుగుతారు. ఆ పట్టీ కరెంటును అడ్డుకుంటుంది. కాబట్టి వెనకున్న టెండరు చక్రాలు కూడా కరెంటు అందుకొనేదాన్నే ఎంచుకోవాలి. వాడిన ఇంజనైతే డబ్బిచ్చే ముందే ముందుకీ వెనక్కీ అతి నెమ్మదిగా నడిపించి, రాడ్లు ఎక్కడైనా పట్టేస్తున్నాయేమో చూడాలి.

శంక: మన డబ్ల్యూజీ తరగతి ఆవిరి ఇంజనే కావాలనేవాడి గతి?

సమాధానం: కోరిక న్యాయమైనదే. చిత్తరంజన్ కర్మాగారంలో 1950లో తయారైన తొలి ఇంజను డబ్ల్యూజీ. 1970లో అక్కడ తయారైన చివరి బ్రాడ్ గేజి ఆవిరి ఇంజను ‘అంతిమ్ సితారా’ కూడా డబ్ల్యూజీయే. దాని చక్రాల అమరిక 2-8-2. జపాను ఆవిరి ఇంజను డీ51 అమరికా అదే. కాటో అనే బుల్లి రైళ్ల సంస్థ ఆ డీ51ను ఎన్‌లో చేసింది. కాబట్టి డబ్ల్యూజీకి బదులు దానితో సరిపెట్టుకోవచ్చు. ‘అది జపానుది కదా’ అని ముఖం చిట్లించేవాడు లెక్క చూడాలి. మన బ్రాడ్ గేజి 1,676 మి.మీ.; 160తో భాగిస్తే సుమారు 10.5. డీ51 నడిచిన జపాను పట్టాల వెడల్పు 1,067. వాళ్లు 150తో భాగిస్తారు గనుక సుమారు 7.1. బల్ల మీది పట్టా మాత్రం 9 మి.మీ. అంటే మనది ముడుచుకోవాలి, వాళ్లది సాగాలి. ఇద్దరిదీ సర్దుబాటే అయినప్పుడు ఒకరినొకరు ఎత్తిపొడుచుకోవడం తగదు.

తాత్పర్యం: పేరు చూసి కొనరాదు. ముందు నడక, తరువాత చక్రాల అమరిక, ఆపైన రంగు, నంబరు. రంగు ఇంట్లో వేసుకోవచ్చు. నడక ఇంట్లో తెప్పించడం కష్టం.

అలంకారం: 20 మీటర్ల ఇంజను 160తో భాగించినా 12.5 సెం.మీ. ఉంటుంది గనుక ‘వేలి మీది బండి’ అతిశయోక్తి. ‘వేల రూకల ధర’ కూడా అతిశయోక్తేనని కొందరంటారు. కస్టమ్స్ సుంకం కట్టినవారు మాత్రం స్వభావోక్తి అంటారు.