వాల్‌ట్యూబు బాబాయ్

హైదరాబాదు శివార్లలో అమ్ముడుపోని వెంచర్ల వల్ల ఎవరికైనా మేలు జరిగిందంటే అది రిమోట్ విమానాల పిచ్చోళ్ళకే. 40 అడుగుల రోడ్డు మాకు రన్‌వే, హద్దురాళ్ళు కుర్చీలు. ఆదివారం పొద్దున్నే మేం ఆవులిస్తూ చేరేసరికి బాబాయ్ చాప పరిచేసి, బాల్సా చెక్కతో తనే కట్టుకున్న విమానాన్ని వెల్లకిలా పడుకోబెట్టి, పొట్ట విప్పి చూస్తుంటాడు.

ఎగరేయడని కాదు. ఎండ ముదిరి గాలి లేచేలోపు ఒక్కసారైనా ఎగరేస్తాడు. కానీ పెళ్ళిలో తాళి కట్టే క్షణం ఎంతో, ఆయన ఆదివారంలో ఎగరడం అంత. మిగతాదంతా తంతే.

ముందు చేతిలో రిమోట్ ఆన్, ఆ తర్వాతే విమానంలో బ్యాటరీ. ఆపేటప్పుడు తిరగేసి. ఈ వరస తప్పినవాణ్ణి, చెప్పులతో గర్భగుళ్ళోకి వచ్చినవాణ్ణి చూసినట్టు చూస్తాడు. చూడాల్సిందే మరి. రిమోట్ అదుపు లేని ప్రొపెల్లర్ ఎప్పుడు తిరుగుతుందో చెప్పలేం, దానికి వేళ్ళకీ ములక్కాడలకీ తేడా తెలియదు. తర్వాత రేంజ్ చెక్. రిమోట్ పవర్ తగ్గించే బటన్ నొక్కి పట్టుకుని, 30 అంగలు లెక్కపెట్టుకుంటూ వెనక్కి నడుస్తాడు. 29వ అంగలో ఎవరైనా "టిఫిన్ అయిందా బాబాయ్?" అన్నారంటే మళ్ళీ మొదటికే.

ఇక ఎయిలరాన్లు, అంటే రెక్కల వెనక అంచున పైకీ కిందికీ ఆడే పలకలు. స్టిక్ కుడికి తోస్తే కుడి రెక్కది పైకి లేవాలి, ఎడమది దిగాలి. విమానం వెనక నిలబడి చూడాలి. ఎదురుగా నిలబడితే నీ కుడి దానికి ఎడమ. ఇదేం ఎల్‌కేజీ పాఠం అని నవ్విన కుర్రాడొకడు ఎయిలరాన్‌ని కదిపే సర్వో అనే బుల్లి మోటారు మార్చి, దిక్కు చూసుకోకుండా వదిలాడు. లేవడం బాగానే లేచింది. ఎడమకి ఒరుగుతోందని వాడు కుడికి తోసినకొద్దీ ఇంకా ఎడమకే ఒరిగి, బోర్లాపడి, 114వ నంబరు ప్లాటులో రిజిస్ట్రేషన్ చేయించుకుంది.

బాబాయ్‌కి వాల్‌ట్యూబు అన్న పేరెలా వచ్చిందంటే, సర్వో నుంచి ఎయిలరాన్‌కి వెళ్ళే కడ్డీ చివర క్లెవిస్ అని చిన్న ప్లాస్టిక్ కొక్కెం ఉంటుంది. మోటారు అదురుకి అది నోరు తెరిచిందా, విమానం మన మాట వినదు. దాని మీదికి సైకిల్ వాల్‌ట్యూబు ముక్క చిన్న ఉంగరంలా తొడిగితే నోరు మూసుకుని ఉంటుంది. బాబాయ్ జేబులో ఎప్పుడూ మూరెడు వాల్‌ట్యూబూ, ఓ బుల్లి కత్తెరా ఉంటాయి. పరిచయమైన ప్రతివాడికీ తీర్థంలా పంచుతాడు.

బ్యాటరీల కాపురం ఇంట్లో ఆవకాయ జాడీలో. లిథియం పాలిమర్ అంటుకుంటే మహా మంట, జాడీ అయితే కాలదని ఆయన వాదన. సెల్లు నిండితే 4.2 వోల్టులు. అలా నిండుగానే వారాల తరబడి వదిలేస్తే పూరీలా ఉబ్బుతుంది. 3 కంటే దిగితే పాడవుతుంది. అందుకే 3.8 దగ్గర ఆపి జాడీలో పడుకోబెట్టాలి. ఇదంతా మాకు అప్పజెప్పింది పిన్నిగారు. "నా బీపీ ఎంతో అడగండి, చెప్పలేరు. సెల్లు వోల్టేజీ మాత్రం నిద్రలో లేపినా చెబుతారు" అని కూడా అన్నారావిడ.

మేం చాటున నవ్వుకుంటాం గానీ, మా విమానం కూలితే ముందు ఆయన మొహం చూడ్డానికే భయం. "సిగ్నల్ పోయింది బాబాయ్" అంటాం. 2.4 గిగాహెర్ట్జ్ సెట్లు రాకముందు ఒకే ఛానల్ మీద ఇద్దరు స్విచ్చేస్తే నిజంగానే విమానాలు కూలేవి. కాలం చెల్లిన ఆ సాకునే మేమింకా వాడుకుంటున్నాం. ఆయన ఏమీ అనడు. శకలాల్లో వేలుపెట్టి కెలికి, ఊడిన స్క్రూ తీసి మన అరచేతిలో పెడతాడు. తిట్టినా బాగుండుననిపిస్తుంది.

మొన్న ఫిబ్రవరిలో ఓ ఆదివారం పరీక్షలన్నీ నెగ్గి బాబాయ్ విమానం లేచింది. రెండో చుట్టు తిరుగుతుండగా పైనుంచి గద్ద దిగింది. రేంజ్ చెక్ లేదు, పాడు లేదు, నేరుగా వచ్చి కుడి రెక్క మీద పడింది. ఫట్‌మన్న చప్పుడు మాకు కిందికి వినిపించింది. విమానం గిరికీలు కొడుతూ పోయి తుమ్మచెట్టు కింద కూలింది. గద్ద ఏమీ ఎరగనట్టు వెళ్ళిపోయింది.

ఏమని ఓదార్చాలో తెలియక అందరం పరిగెత్తాం. మోటారు ఒకచోట, తోక ఒకచోట. విరిగిన కుడి రెక్క సర్వో వైరు మీద వేలాడుతోంది. నేను బ్యాటరీ పీకబోతే, వెనక నింపాదిగా నడిచొస్తున్న బాబాయ్ "ఆగాగు!" అని అరిచాడు. థ్రాటిల్ కిందికి లాగి ఉందో లేదో చూసుకుని, ఆ శిథిలాల వెనక్కి, అచ్చంగా వెనక్కి, వచ్చి నిలబడి స్టిక్ మెల్లగా కుడికి తోశాడు. వేలాడుతున్న రెక్క మీద ఎయిలరాన్ కీచుమంటూ లేచింది. వాల్‌ట్యూబు ఉంగరం ఎక్కడిదక్కడే ఉంది.

"చూశావురా," అన్నాడు మొహమంతా వెలిగిపోతుండగా, "పైకే లేచింది!"