పసుపు పసుపుగా రాదు: సటీక, సతాత్పర్యం

మూలము

గోడ లావు, కిటికీ సన్నం, కొలత ఇంకా సన్నం.
పసుపు పసుపుగా రాదు.
సీటీబీ తేనివారితో వాదన లేదు.

అవతారిక. రాజమహేంద్రవరమున కంబాలచెరువు చెంత, ఇంటి ప్లాన్లు ప్రింటు తీసే ఒకానొక ప్లాటింగు షాపులో, అట్టముక్క మీద స్కెచ్ పెన్నుతో లిఖితమై గోడకు వేలాడు త్రిసూత్రి ఇది. నన్నయ భారతం మొదలుపెట్టిన ఊళ్ళో వ్యాఖ్యానించడానికి ఇదా దొరికింది అని పెద్దలు కసురుకోవచ్చు. భారతానికి వ్యాఖ్యాతలు బోలెడుమంది. దీనికి ఒక్కరూ లేరు. గ్రంథకర్త కౌంటరు వెనకే కూర్చుంటారు గాని, ఏ భావంతో రాశారని అడిగితే "ఎన్ని కాపీలండీ?" అంటారు.

ప్రథమ సూత్రము. గోడ = ఇటుకగోడ అంచును తెలుపు గీత; లావు = 0.5 మిల్లీమీటరు; కిటికీ = కిటికీ గట్టు, గడప, మెట్లు మొదలగునవి; సన్నం = 0.25; కొలత = కొలతగీతలును హ్యాచింగును; ఇంకా సన్నం = 0.18, లేదా 0.13 అని భావము.

తాత్పర్యం. ప్లాను అంటే ఇంటిని కిటికీ ఎత్తున అడ్డంగా కోసి, పై ముక్క తీసి పక్కన పెట్టి, పైనుంచి చూసిన బొమ్మ. కోసినది లావు, చూసినది సన్నం. కొలతగీత ఈ రెండూ కాదు. అది ఇంట్లో ఎక్కడా ఉండదు, ఇంజినీరు పక్కనుంచి చెప్పే మాట. అందుకని దాని గొంతు ఇంకా తగ్గాలి. ఇక్కడ పూర్వపక్షం: కిటికీ ఎత్తున కోస్తే కిటికీ కూడా తెగుతుంది కదా, దానికి సన్నమేల? సమాధానం: తెగేది రెండు చెక్కలూ ఓ గాజుపలకా. ప్లానులో జాగా తీసుకునేది కింద కనబడే గట్టు. ఇంటాయన మాత్రం ఈ చర్చలోకి రాడు, ఈశాన్యంలో దేవుడిగది ఉందో లేదో చూసుకుని కాగితం మడిచేస్తాడు. గీతల తేడా కావలసింది ఎండలో నిలబడి జిరాక్సుకు జిరాక్సు తీసిన కాగితం చదివే మేస్త్రికి. పైన వచ్చే అటక గీత కూడా గోడ గీతంత లావుగా ఉంటే, అడిగి తెలుసుకునే మేస్త్రి దొరకడం ఇంటాయన అదృష్టం.

విశేషం. ఈ అంకెలు ఎవరి ఇష్టం కొద్దీ పుట్టలేదు. 0.13, 0.18, 0.25, 0.35, 0.5, 0.7, 1.0 అనే వరసలో ప్రతిదీ వెనకటిదానికి సుమారు 1.414 రెట్లు. ఏ2 కాగితం పొడవుకు ఏ1 పొడవు కూడా అన్ని రెట్లే. అందుచేత ఏ1 షీటును ఏ2కు కుదిస్తే 0.7 గీత 0.5 అవుతుంది, పక్క పెన్ను తీసి దిద్దుకోవచ్చు. ఏ3కు కుదిస్తే పొడవులన్నీ సగం. ఇక్కడే ఒక చిన్న గడి ఊళ్ళో ఇళ్ళన్నింటినీ ఇబ్బంది పెడుతోంది. ప్లాన్లు గీసే ఆటోక్యాడ్ అనే సాఫ్ట్‌వేరులో లేఅవుట్ నుంచి ప్లాట్, అంటే ప్రింటు, తీసేటప్పుడు 'స్కేల్ లైన్‌వెయిట్స్' అనే గడిలో టిక్కు పెట్టకపోతే, బొమ్మ సగమవుతుంది గాని గీతల లావు తగ్గదు. లెక్క చూడండి. నాలుగున్నర అంగుళాల గోడ, అంటే 115 మిల్లీమీటర్లు, 1:100 స్కేలులో 1.15 మిల్లీమీటర్లు. అంచులు రెండూ 0.5 గీతలైతే నడుమ 0.65 తెల్లగా మిగులుతుంది. అదే ఏ3 మీద గోడ 0.575కు దిగి, గీతలు 0.5లోనే ఉండిపోతే మిగిలేది 0.075. అది కంటికి ఆనదు. గోడ పోయి నల్ల మరక మిగులుతుంది, పక్కనే అక్షరాలు పూడుకుపోతాయి. టిక్కు పెడితే గీత 0.25 అవుతుంది, నడుమ 0.325 బతుకుతుంది. కాకపోతే 0.18 కొలతగీతలు 0.09కు చిక్కిపోయి, జిరాక్సులో మాయమవుతాయి. రెంటికీ లొంగని ఉపాయం ఏ3కు వేరే షీటు పెట్టుకోవడమే. అంత ఓపిక ఎవరికుంది?

ద్వితీయ సూత్రము. పసుపు = ఆటోక్యాడ్‌లో రెండవ నంబరు రంగు; పసుపుగా = హరిద్రావర్ణముతో; రాదు = కాగితమున పడదు.

పాఠాంతరం: 'పసుపు రాదు' అని కొందరు చదువుతారు. రెండూ గ్రాహ్యమే. సీటీబీ అనే పట్టిక తగిలించకుండా తీస్తే పసుపు గీత పసుపుగానే పడి, తెల్ల కాగితం మీద ఉండీ లేనట్టుంటుంది. పట్టిక తగిలిస్తే అందులో రాసినట్టు నల్లగా, నిర్ణయించినంత లావుగా వస్తుంది. ఏడో నంబరు తెలుపు మరీ విడ్డూరం: నల్ల తెర మీద తెల్లగా మెరిసి, కాగితం మీద నల్లగా దిగుతుంది.

లావుకూ రంగుకూ ఈ చుట్టరికం ఎలా కలిసింది? ఇక్కడికి కొద్ది దూరంలో ధవళేశ్వరం బారేజీ 1982లో పూర్తయింది. ఆ రోజుల్లో గీత లావు పెన్ను పాళీలో ఉండేది. 0.5 కావాలంటే 0.5 పాళీ ఉన్న రోట్రింగ్ పెన్ను తీయాలి. అదే ఏడాది డిసెంబరులో అమెరికాలో ఆటోక్యాడ్ బయటికొచ్చింది. నాటి ప్లాటర్లు నిజం పెన్నులనే పట్టుకుని గీసేవి, హెచ్‌పీ 7475ఏకు ఆరు పెన్నులు. ఎర్ర గీతలకు ఒకటో పెన్ను, పసుపు గీతలకు రెండోది అని చెప్పాల్సి వచ్చింది. ఆ విధంగా రంగు పెన్నుకు మారుపేరైంది. గీతకే నేరుగా లావు కట్టబెట్టే సౌకర్యం 1999లో, ఆటోక్యాడ్ 2000తో వచ్చింది. అప్పటికి అలవాటు ఎముకల్లోకి దిగిపోయింది. పెన్ను ప్లాటర్లు పాతసామాన్ల కొట్టుకు పోయినా సీటీబీలో 255 రంగులకు 255 గళ్ళు ఇప్పటికీ ఉన్నాయి.

తెర మీది లావును నమ్మరాదని కూడా ధ్వని. బొమ్మ గీసే చోటైన మోడల్ స్పేసులో కనబడే లావు పిక్సెళ్ళ లావు. ఎంత జూమ్ చేసినా పెరగదు, తరగదు. అద్వైతులు దీన్ని మిథ్య అంటారు. ఇక వెడల్పు ఇచ్చిన పాలీలైను ద్వైతి: దానిది వస్తువుతో పాటు వచ్చే వెడల్పు, స్కేలుతో పాటు మారుతుంది. స్లాబు స్టీలు డ్రాయింగుల్లో ఊచలు ఇలా గీసేవారున్నారు. అక్కడ సీటీబీలో లావు దిద్దుబాట్లు పనిచేయవు.

తృతీయ సూత్రము. సీటీబీ = రంగుకింత లావని చెప్పు పట్టిక; తేనివారితో = పెన్‌డ్రైవులో డ్రాయింగు మాత్రమే తెచ్చువారితో; వాదన లేదు = స్పష్టము.

"మీ సీటీబీ ఏదండీ?"

"అందులోనే ఉంటుంది కదండీ."

"ఉండదండీ, ఆయ్."

ఉండదు. డ్రాయింగు ఫైలు మూలం, సీటీబీ దానికి టీక, రెండూ వేరు వేరు ఫైళ్ళు. టీక లేకుండా మూలం ఊరు దాటితే ప్రతి షాపూ తన టీకతో చదువుతుంది. కాకినాడలో 0.5గా వచ్చిన పసుపు భీమవరంలో 0.25గా రావచ్చు, ఎవరినీ తప్పుపట్టలేం. ఈట్రాన్స్‌మిట్ అనే ఆజ్ఞ ఇస్తే సీటీబీ కూడా మూటలో వస్తుంది. అయినా నా పక్షం వేరు. లావు లేయరుకే ఇచ్చి, మోనోక్రోమ్ అనే సీటీబీతో తీయాలి. అది ఆటోక్యాడ్ ఉన్న ప్రతి షాపులోనూ ఉంటుంది. ఆ 255 రంగులనూ నలుపు చేసి, లావు సంగతి మాత్రం గీతకే వదిలేస్తుంది. పాతకాలపు డ్రాఫ్ట్స్‌మన్లు ఇందుకు ఒప్పుకోరు. రంగు చూడగానే లావు చెప్పగల వాళ్ళ కంటికి ఇది అవమానం.

అట్ట అడుగున బాల్‌పెన్నుతో 'పీడీఎఫ్ అయినా సరే' అని మరో పంక్తి ఉంది. సిరా వేరు కనుక ప్రక్షిప్తమని తోచవచ్చు. పీడీఎఫ్‌లో లావులు ముందే స్థిరపడి వస్తాయి గనుక దీన్ని మూడో సూత్రానికి అపవాదంగా అంగీకరిస్తున్నాను, ఒక షరతు మీద: ప్రింటు 'ఫిట్'లో కాక 'యాక్చువల్ సైజు'లో అడగాలి. 1:100 షీటు మూలన పది మీటర్ల స్కేలు గీత ఉంటే దాన్ని కౌంటరు దగ్గరే కొలవండి. సరిగ్గా 100 మిల్లీమీటర్లు రావాలి. 97 వస్తే డబ్బులివ్వక ముందే చెప్పండి, మళ్ళీ తీస్తారు.